పాత పత్రికలు సేకరించాలనుకుంటే: బ్రిటిష్, నిజాం కాలపు పేపర్లు వెతకడం, గుర్తుపట్టడం, కాపాడుకోవడం

"తాతగారి పెట్టెలో పాత ఆంధ్రపత్రిక దొరికింది, ఏం చెయ్యాలి?" దగ్గర్నుంచి "1947 ఆగస్టు 15 పేపరు ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు, కొనచ్చా?" దాకా ప్రశ్నలు వస్తూనే ఉన్నాయి. విడివిడిగా జవాబులు చెప్పే బదులు మొత్తం వరసగా రాస్తున్నాను. వరస మార్చకండి. చాలామంది ముందు కొనేసి, ఎక్కడ పెట్టాలో తర్వాత ఆలోచిస్తారు. ఈలోపు పేపరు పొడి అయిపోతుంది.

1. ముందు గిరి గీసుకోండి

"పాతవి ఏవైనా సరే" అని మొదలుపెడితే ఏడాది తిరిగేసరికి చెత్త కుప్ప తప్ప సేకరణ ఉండదు. ఏదో ఒక గీత గీసుకోండి: ఒక ఊరి పత్రికలు, లేదా ఒకే పత్రిక, లేదా ఒక ఘటన.

పత్రిక ప్రకారం వెళ్తే దారి సులువు. మచిలీపట్నం నుంచి 1902లో మొదలైన కృష్ణాపత్రిక, 1908లో బొంబాయిలో వారపత్రికగా పుట్టి 1914లో మద్రాసులో దినపత్రిక అయిన ఆంధ్రపత్రిక, హైదరాబాదులో 1926లో వచ్చిన గోలకొండ పత్రిక, 1930 నుంచి నెల్లూరు జమీన్ రైతు, 1938లో మద్రాసులో మొదలైన ఆంధ్రప్రభ. ఇంగ్లిష్‌లో అయితే మద్రాస్ మెయిల్, హిందూ.

ఘటన ప్రకారం అయితే మనవాళ్ళకు ఆసక్తి ఉండేవి చాలానే ఉన్నాయి: 1914 సెప్టెంబరు 22న జర్మన్ యుద్ధనౌక ఎమ్డెన్ మద్రాసు మీద గుండ్లు కురిపించడం, 1921 చీరాల-పేరాల ఉద్యమం, 1922-24 మన్యం పోరాటం, 1930 ఉప్పు సత్యాగ్రహం, 1942 ఏప్రిల్ 6న విశాఖ, కాకినాడల మీద జపాన్ బాంబులు.

నా మాట వింటే 1947 ఆగస్టు 15 జోలికి మొదట్లో పోవద్దు. అందరూ దాని వెంటే పడతారు కాబట్టి ధర ఎక్కువ, నకళ్ళు ఇంకా ఎక్కువ. పైగా జెండా ఎగరేసిన సంబరాల వార్తలు వివరంగా కావాలంటే 16వ తేదీ పేపరు చూడాలి, అది చాలామందికి తట్టదు. అంతకంటే మీ జిల్లా నుంచి వచ్చిన చిన్న వారపత్రిక ఒక్క సంచిక దొరికినా విలువైనదే. పెద్ద పత్రికలు ఏదో ఒక లైబ్రరీలో ఉంటాయి, చిన్నవాటికి ఆ దిక్కు కూడా లేదు.

2. కొనే ముందే ఇంట్లో చోటు

పంతొమ్మిదో శతాబ్దం మధ్య దాకా పత్రికలు ఎక్కువగా గుడ్డపీలికల గుజ్జుతో చేసిన కాగితం మీద వచ్చేవి. అవి ఇప్పటికీ గట్టిగా ఉంటాయి. ఆ తర్వాత చెక్కగుజ్జు కాగితం వచ్చింది. అందులో ఉండే లిగ్నిన్ అనే చెక్క పదార్థం వెలుతురుకి, గాలికి పసుపు తిరుగుతుంది, ఆమ్లం పెరిగి కాగితం పెళుసెక్కుతుంది. అందుకే 1850 నాటి పేపరు మడత విప్పితే బాగానే ఉంటుంది, 1942 నాటిది అప్పడంలా విరుగుతుంది. యుద్ధం రోజుల్లో కాగితానికి కటకట, పేజీలు తగ్గాయి, దొరికిన నాసిరకం మీదే అచ్చు వేశారు.

ముందుగా అమర్చుకోవాల్సినవి:

- పేపరు పూర్తిగా విప్పి పరచగలిగేంత వెడల్పు ఉన్న బల్లపరుపు డ్రాయరు లేదా అట్టపెట్టె. నిలువుగా నిలబెట్టే ఫైళ్ళు వద్దు.
- యాసిడ్ లేని కాగితం, అట్టలు. ఆర్కైవల్ సామాను అమ్మేవాళ్ళ దగ్గర దొరుకుతాయి. మామూలు గోధుమరంగు అట్టపెట్టెలో ఆమ్లం ఉంటుంది, అది మళ్ళీ పేపరుకే ఎక్కుతుంది.
- పాలియెస్టర్ ఫిల్మ్ కవర్లు. పీవీసీ కవర్లు కానే కాదు.
- తేమ చూపించే చిన్న డిజిటల్ మీటరు. 35 నుంచి 50 శాతం మధ్య ఉంటే మంచిది. కాకినాడలోనో, మచిలీపట్నంలోనో ఆ అంకె పట్టుకోవడం కష్టమే, కనీసం వానాకాలంలో 65 దాటకుండా చూసుకోండి.

గది మధ్యలో, బయటి గోడకు ఆనకుండా ఉన్న బీరువా అన్నిటికంటే మేలు. అటక మీద వద్దు, ఎండాకాలం అక్కడ కొలిమే. బాత్రూము గోడ అవతలివైపు అసలే వద్దు.

3. ఎక్కడ వెతకాలి

హైదరాబాదులో ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్, కోఠీ పాత పుస్తకాల షాపులు అందరికీ తెలిసినవే. కానీ అక్కడ మంచి సరుకు పొద్దున్నే తెలిసినవాళ్ళ చేతుల్లోకి వెళ్ళిపోతుంది. ఒకరిద్దరు షాపువాళ్ళతో పరిచయం పెంచుకుని, మీకేం కావాలో కాగితం మీద రాసి ఫోన్ నంబరుతో సహా ఇచ్చి రండి. "పాత పేపర్లు" అంటే వాళ్ళకి అర్థం కాదు, పోయిన నెల ఈనాడు కట్ట తీసిస్తారు. "అణాల్లో ధర ఉన్న పేపర్లు" అనండి, వెంటనే అర్థమవుతుంది.

పాత పేపర్లు కొనే కాటా కొట్లు ఇంకో దారి. పాత ఇళ్ళు పడగొట్టేటప్పుడు, ఊళ్ళో పెద్దవాళ్ళు పోయాక పిల్లలు ఇల్లు ఖాళీ చేసేటప్పుడు కట్టలు కట్టలు ముందు అక్కడికే వస్తాయి. "బాబాయ్, పాత తెలుగు పేపర్లు వస్తే తూకానికి వెయ్యకుండా పక్కన పెట్టు, కిలో లెక్క కాదు, విడిగా ఇస్తాను" అని చెప్పి, చెప్పినట్టు ఇస్తే మళ్ళీ ఫోన్ చేస్తాడు.

మీ ఇల్లే వదిలేయకండి. ట్రంకుపెట్టె అడుగున పరిచిన కాగితం, దేవుడి పటం వెనక అట్టకి అంటించినది, పాత పుస్తకాలకు వేసిన అట్ట, పట్టుచీర మడతల మధ్య పెట్టిన పేజీ, ఇవన్నీ పేపర్లే. మైదా బంకతో అంటించి ఉంటే పీకకండి. అలాగే ఉంచి, వెలుతురు పక్కనుంచి పడేలా ఫొటో తీసుకోండి. పీకితే పైపొర ఊడి అచ్చు సగం పెట్టెకే ఉండిపోతుంది.

ఆన్‌లైన్ వేలాల్లో లండన్‌లో అచ్చయిన ఇల్లస్ట్రేటెడ్ లండన్ న్యూస్ పేజీలు చాలా కనిపిస్తాయి. 1857 తిరుగుబాటు బొమ్మలున్న పేజీలని "అరుదైనవి" అంటారు గానీ అవి వేలాదిగా అచ్చయిన పత్రికలోంచి చింపి అమ్ముతున్న విడి పేజీలు. రంగులు వేసి ఉంటే అవి ఈమధ్య వేసినవే అనుకోండి, ఆ పత్రిక మామూలు సంచికలో చెక్క మీద చెక్కిన బొమ్మలు నలుపు తెలుపులోనే ఉంటాయి.

4. చేతికి వచ్చాక: అసలుదా, నకలా

ఇది తొందరపడకూడని చోటు. పెద్ద పత్రికలు తమ వార్షికోత్సవాలకు, స్వాతంత్ర్య స్వర్ణోత్సవాల్లాంటి సందర్భాలకు పాత మొదటి పేజీల్ని మళ్ళీ అచ్చు వేసి పంచాయి. వాటినే టీ నీళ్ళలో ముంచి "అసలు" అని అమ్మేవాళ్ళు ఉన్నారు.

పేపరుని శుభ్రమైన పొడి బల్ల మీద పరవండి. చేతులు కడుక్కుని తడి లేకుండా తుడుచుకుంటే చాలు, గ్లౌజులతో పెళుసు కాగితం అంచు తెలియదు, చిరుగుతుంది. పదింతలు పెద్దగా చూపే భూతద్దం, ఒక టార్చి దగ్గర పెట్టుకోండి.

ముందు టార్చిని బల్లకి సమాంతరంగా, పక్కనుంచి వెయ్యండి. అప్పటి పత్రికలు సీసం అక్షరాలతో ఒత్తి అచ్చువేసినవి. కాగితం వెనక్కి తిప్పితే అక్షరాల ఒత్తిడి చిన్న చిన్న గరుకుగా కనిపిస్తుంది, బాగా ఒత్తిన చోట వేలికి కూడా తగులుతుంది. ఒత్తిడి పడని ఆఫ్‌సెట్ పద్ధతిలో వేసిన నకలు నున్నగా ఉంటుంది.

తర్వాత భూతద్దం. అసలు అచ్చులో అక్షరం అంచున ఇంకు నొక్కుకుపోయి కాస్త ముదురు గీత ఉంటుంది. కొన్ని అక్షరాలు అరిగి ఉంటాయి, వొత్తులు విరిగి ఉంటాయి, అక్కడక్కడా ఒక అక్షరం తలకిందులు. నకలులో అక్షరాలే చుక్కలు చుక్కలుగా విడిపోతాయి. కాగితం పసుపురంగులో గులాబీ, నీలం చుక్కలు కనిపించాయంటే ఆ పాతదనాన్ని కూడా అచ్చు వేశారన్నమాట. ఒక్క జాగ్రత్త: ఫొటోలు అప్పట్లోనూ చుక్కలతోనే అచ్చయ్యేవి, కాబట్టి ఫొటో చూసి కాదు, అక్షరం చూసి తేల్చండి.

రంగు ఎలా తిరిగిందో చూడండి. నిజంగా పాతబడిన పేపరు అంచుల్లో, మడతల దగ్గర ముదురుగా, లోపల పేజీల్లో లేతగా ఉంటుంది. టీ రంగు అంతటా ఒకేలా పడుతుంది, లేదా మరకలుగా ఆగుతుంది.

ఆఖరుగా చివరి పేజీ అడుగు. 1867 పత్రికల చట్టం ప్రకారం బ్రిటిష్ ఇండియాలో అచ్చయిన ప్రతి పత్రిక మీద ముద్రాపకుడి పేరు, అచ్చు వేసిన చోటు ఉండాలి. 1922 నుంచి సంపాదకుడి పేరు కూడా ఉండాలి. ఆ వరస లేకపోతే ఒక పేజీ పోయిందనో, మొదటి పేజీ మాత్రమే నకలు తీసిందనో అనుమానించండి. నిజాం రాష్ట్రానికి ఈ చట్టం వర్తించదు, అక్కడి పత్రికల్ని దీనితో కొలవకండి.

మొదటి పేజీలో వార్తలు లేవని పక్కన పెట్టేవాళ్ళు కూడా ఉన్నారు. హిందూ మొదటి పేజీ 1958 దాకా ప్రకటనలతోనే వచ్చేది. ఆంధ్రపత్రికలో అమృతాంజనం ప్రకటన కనిపిస్తే నవ్వుకోండి, రెంటికీ యజమాని కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారే.

కొనే ముందు చూసుకోవాల్సినవి:

- మొదటి పేజీ నుంచి చివరి దాకా పేజీ అంకెలు వరసగా ఉన్నాయా
- సంపుటం, సంచిక అంకెలు పత్రిక మొదలైన ఏడాదికి సరిపోతున్నాయా
- లోపల కత్తిరించిన కిటికీలు ఉన్నాయా (ప్రకటనలు, కూపన్లు, దేవుడి బొమ్మలు ఎక్కువగా కత్తిరించేవారు)
- ధర అణాల్లో ఉందా, "నయా పైసలు" అని ఉంటే 1957 ఏప్రిల్ తర్వాతది
- లైబ్రరీ స్టాంపు ఉందా
- సెలోఫేన్ టేపు, లామినేషన్ ఉన్నాయా

5. తేదీ చిరిగిపోతే ఎలా కనుక్కోవాలి

పైభాగం పోయిన పేపర్లు చవగ్గా వస్తాయి. కాస్త ఓపిక ఉంటే తేదీ పట్టుకోవచ్చు.

వారం, తేదీ, నెల మిగిలి, ఏడాది పోయిందనుకోండి. "ఆగస్టు 15, శుక్రవారం" అని ఉంది. 1930, 1941, 1947, మూడింట్లోనూ ఆగస్టు 15 శుక్రవారమే. ఇప్పుడు తెలుగు సంవత్సరం పేరు ఎక్కడైనా ఉందేమో చూడండి: ప్రమోదూత అయితే 1930, వృష అయితే 1941, సర్వజిత్తు అయితే 1947. అరవై ఏళ్ళకోసారి అదే పేరు తిరిగి వస్తుంది గనక (1887 కూడా సర్వజిత్తే) రెండు ఆధారాలూ కలిపి చూడాలి.

నిజాం ఇలాకా కాగితాల మీద ఫసలీ (సర్కారు శిస్తు లెక్కలకి వాడిన సంవత్సరం) తేదీ కనిపిస్తే కంగారు పడొద్దు. హైదరాబాదు ఫసలీ ఏడాది అక్టోబరు మొదటి వారంలో ఆజుర్ నెలతో మొదలయ్యేది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా అయితే ఫసలీ అంకెకి 590 కలపండి, జనవరి నుంచి సెప్టెంబరు దాకా అయితే 591. 1357 ఫసలీ అంటే 1947 అక్టోబరు నుంచి 1948 అక్టోబరు దాకా, అంటే పోలీసు చర్య జరిగిన ఏడాది. మద్రాసు వైపు రెవెన్యూ ఫసలీ జులైలో మొదలవుతుంది, ఈ రెంటినీ కలిపితే లెక్క మూడు నెలలు తప్పుతుంది.

ఇంకేమీ లేకపోతే లోపలి ప్రకటనలు చదవండి. సినిమా విడుదల, కోర్టు వేలం నోటీసు, కాలేజీ ప్రవేశాల ప్రకటన, వీటిల్లో ఏదో ఒకటి పట్టిస్తుంది. ప్రెస్ అకాడమీ స్కాన్ చేయించిన పాత తెలుగు పత్రికలతో పోల్చి చూసుకోవచ్చు. వేటపాలెం సారస్వత నికేతనం, రాజమండ్రి గౌతమీ గ్రంథాలయం, హైదరాబాదు శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం లాంటి చోట్లకి వెళ్ళి అడిగితే ఇంకా మంచిది.

6. ధర

ఇక్కడ రేటు కార్డు ఏమీ లేదు, అమ్మేవాడి ముఖం, మీ ముఖం. ధర పెరగడానికి కారణాలు ఇవే: పూర్తి సంచిక, పెద్ద ఘటన, మడత చోట చిరగకపోవడం. ఉగాది ప్రత్యేక సంచికలకి బొమ్మల వల్ల వేరే గిరాకీ ఉంటుంది. ఒక్క పేజీ ముక్కకి పూర్తి సంచిక ధర అడిగితే నమస్కారం పెట్టి వచ్చేయండి.

బైండు చేసిన సంపుటాలు దొరికితే విడగొట్టొద్దు. పెద్ద ఘటన ఉన్న నాలుగు సంచికలు తీసి అమ్ముకుని మిగతావి కాటాకి వేసే పద్ధతి ఒకటి నడుస్తోంది, దాని మీద నాకు బాగా కోపం. మిగతా సంచికల్లోనే ధాన్యం ధరలు, కాలవ నీళ్ళ గొడవలు, ఊళ్ళ పేర్లు ఉంటాయి.

7. చట్టం సంగతి

రెండే విషయాలు, రెండూ ముఖ్యమైనవే.

1972 పురావస్తువుల చట్టం ప్రకారం చారిత్రక, సాహిత్య విలువ ఉన్న పత్రాలు 75 ఏళ్ళు దాటితే పురావస్తువు కిందికి రావచ్చు. పురావస్తువుల్ని సొంతంగా దేశం దాటించకూడదు, వ్యాపారంగా అమ్మాలంటే లైసెన్సు కావాలి. అమెరికాలో ఉన్న అబ్బాయికి తాతగారి పేపరు సూట్‌కేసులో పెట్టి పంపే ముందు పురావస్తు శాఖవాళ్ళని అడిగి, అది పురావస్తువు కాదని సర్టిఫికెట్ ఇస్తారేమో కనుక్కోండి. చాలామందికి మంచి స్కాన్ పంపితే సరిపోతుంది.

రెండోది లైబ్రరీ స్టాంపు. రద్దు చేసినట్టు ముద్ర, సంతకం లేకపోతే కొనొద్దు. ఆ లైబ్రరీకి ఒక ఫోన్ చేస్తే దొంగసరుకో కాదో తేలిపోతుంది.

8. ఇంటికి తెచ్చాక మొదటి వారం

కొత్తగా తెచ్చినదాన్ని పాతవాటితో కలపకండి. పురుగు, బూజు అంటుకుంటాయి. విడిగా ఒక పెట్టెలో ఉంచి వారం పాటు చూడండి: సన్నటి పొడి రాలుతోందా, వెండిరంగు పురుగులు కనిపిస్తున్నాయా, మగ్గిన వాసన వస్తోందా.

బూజు ఉంటే ఎన్95 మాస్కు పెట్టుకుని, ఫ్యాను గాలి నేరుగా తగలకుండా నీడలో ఆరనిచ్చి, పూర్తిగా ఆరాక మెత్తటి బ్రష్‌తో ఇంటి బయట దులపండి. తడిగా ఉన్నప్పుడు తుడిస్తే బూజు కాగితంలోకి దిగుతుంది. ఎండలో వెయ్యకండి.

పురుగుంటే పేపరుని గాలి చొరకుండా రెండు పాలిథిన్ సంచుల్లో మూసి, డీప్ ఫ్రీజరులో రెండు వారాలు పెట్టండి. బయటికి తీశాక సంచి ఒక రోజు విప్పొద్దు, విప్పితే గాలిలో తేమ కాగితం మీద నీళ్ళయి పడుతుంది.

మడత విప్పడం: గట్టిగా ఎండిపోయిన మడతని చేత్తో విప్పితే అక్కడికక్కడే రెండు ముక్కలు. మూత ఉన్న పెద్ద ప్లాస్టిక్ టబ్బు తీసుకుని, అడుగున తడిపి పిండిన బ్లాటింగ్ పేపరు పరిచి, దాని మీద జల్లెడలాంటి వల పెట్టి, వల మీద పేపరు ఉంచండి. నీళ్ళు పేపరుకి తగలకూడదు. మూత పెట్టి అరగంటకోసారి చూడండి. కాగితం మెత్తబడగానే తీసి, నెమ్మదిగా విప్పి, పొడి బ్లాటింగ్ పేపర్ల మధ్య పెట్టి, పైన అద్దం పలక బరువు పెట్టి రాత్రంతా ఉంచండి. టబ్బులో మర్చిపోయి పడుకుంటే మర్నాటికి బూజు పడుతుంది. సిరా సంతకాలు, రబ్బరు స్టాంపులు ఉన్న పేపరుకి ఈ పని చెయ్యకండి, రంగు పారుతుంది.

9. చిరుగులు

చిన్న చిరుగైతే అసలు ముట్టుకోకుండా పాలియెస్టర్ కవరులో పెట్టెయ్యండి, అదే పట్టి ఉంచుతుంది. తప్పదనుకుంటే జపాన్ టిష్యూ (మరమ్మతుకి వాడే పలచటి పీచు కాగితం), గోధుమ గంజిపొడితో వండిన బంక. టిష్యూని కత్తిరించకుండా తడి గీత గీసి చింపితే అంచుకి పీచు వస్తుంది, అది కాగితంలో కలిసిపోతుంది. బంక పలచగా, తడి తక్కువగా. ముందు పనికిరాని ముక్క మీద చెయ్యి తిరగనివ్వండి.

తరచూ జరిగే పొరపాట్లు, వాటికి మందు:

- సెలోఫేన్ టేపు వేశారు: లాగకండి. బంక అప్పటికే కాగితంలోకి దిగి ఉంటుంది. కాగితం మరమ్మతు తెలిసిన కన్సర్వేటర్‌కి చూపించండి.
- లామినేషన్ చేయించారు: ఇది వెనక్కి రాదు. వెంటనే స్కాన్ తీసి, వెలుతురు తగలకుండా దాచండి.
- ఫెవికాల్ వాడారు: గట్టిపడి దాని పక్కనే కొత్తగా విరుగుతుంది. ఇంకో పూత వెయ్యకుండా అలాగే వదిలేయండి.
- ఇస్త్రీ పెట్టె వేశారు: వేడికి పెళుసుదనం పెరుగుతుంది. ఇకమీదట బరువే వాడండి.
- కలరా ఉండలు పేజీల మధ్య పెట్టారు: తీసెయ్యండి, నీడలో గాలాడనివ్వండి. చెదలకి ఇంటికి మందు కొట్టించాలి, పేపరుకి కాదు.
- ఫ్రేము కట్టి హాల్లో పెట్టారు: అసలుని తీసి లోపల పెట్టి, ఫ్రేములో మంచి కలరు ప్రింటు పెట్టండి. వచ్చినవాళ్ళెవరూ తేడా కనిపెట్టలేరు.

10. దాచడం, ఫొటోలు, రిజిస్టరు

ప్రతి సంచికా విడిగా ఒక కవరులో, వెనక క్షారం కలిపిన యాసిడ్ లేని కాగితం ఒకటి. పెట్టెలో పాతికకి మించి పేర్చొద్దు, అడుగువి నలుగుతాయి. ఏడాదికి రెండుసార్లు, వానలకి ముందు, వానలు వెళ్ళాక, అన్నీ తీసి చూడండి.

స్కానర్ మూత కింద పెళుసు పేపరు నొక్కకండి. కెమెరాని స్టాండుకి బిగించి పైనుంచి తీయండి, లైట్లు రెండు వైపులా ఏటవాలుగా. పేజీ మొత్తం ఒకటి, తర్వాత నాలుగు భాగాలుగా నాలుగు, ఖాళీ పేజీలూ ప్రకటనలూ కూడా వదలకుండా. ఫైలు పేరులో ముందు ఏడాది, తర్వాత నెల, తేదీ, పత్రిక పేరు, పేజీ పెట్టుకుంటే వాటంతటవే వరసలో పడతాయి.

ఎక్సెల్ షీటులో ఉండాల్సిన గళ్ళు:

- పత్రిక పేరు, తేదీ, సంపుటం, సంచిక
- ఉన్న పేజీలు, పోయిన పేజీలు
- అచ్చు వేసిన ఊరు, ప్రెస్సు
- ఎక్కడ, ఎవరి దగ్గర, ఎంతకి కొన్నారు
- కొన్నప్పటి స్థితి, చేసిన మరమ్మతు
- ఫొటో ఫైలు పేరు, పెట్టె నంబరు

పెట్టె నంబరు గడి ఖాళీగా వదలకండి. ఆ షీటు ప్రింటు ఒకటి మొదటి పెట్టెలోనే, అన్నిటికంటే పైన ఉంచి, మీ తర్వాత ఈ పెట్టెలు ఏ లైబ్రరీకి ఇవ్వాలో దాని కింద రాసి సంతకం పెట్టండి. ఆ లైబ్రరీవాళ్ళు తీసుకుంటారో లేదో ముందే అడగండి, కొన్ని చోట్ల పెట్టడానికి చోటు లేదంటారు.